నల్ల బానెట్ మీద నాలుగు గళ్లు

(హైదరాబాద్‌లో ఒక ఆదివారం ఉదయం నల్ల కార్ల యజమానులకూ, డీటెయిలింగ్ పని (కారు ఒంటిని శుభ్రం చేసి మెరుగు పెట్టే పని) నేర్చుకుంటున్న కుర్రాళ్లకూ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూడా కుర్చీలున్నాయి, కూర్చోండి. ముందు వరసలో ఉన్న తమ్ముళ్లు కొంచెం పక్కకి జరిగితే ఈ బానెట్ అందరికీ కనిపిస్తుంది.

మాట మొదలుపెట్టే ముందు ఒక పని చేస్తాను. ఈ స్టాండు మీద ఉన్నది ఒక నల్ల సెడాన్ బానెట్. స్క్రాప్‌లో కొన్నాను. మాస్కింగ్ టేపు అంటించి దీన్ని నాలుగు గళ్లు చేశాను. మొదటి గడిని కడిగానంతే, ఇంకేమీ చేయలేదు. రెండో గడిలో గీతలు తీయకుండానే నేరుగా గ్లేజ్ రాశాను, అంటే గీతల్లో నిండి వాటిని దాచే నూనె పూత. మూడో గడిని నిన్న మిషన్‌తో పాలిష్ చేసి, పైన ఏమీ పూయకుండా వదిలేశాను. నాలుగో గడిని పాలిష్ చేసి, గ్లేజ్ రాసి, నిన్న సాయంత్రమే ఒక కోటు మైనం వేశాను. ఇప్పుడు దాని మీద రెండో కోటు వేస్తున్నాను. ఎంత తీసుకున్నానో చూడండి. బఠానీ గింజంత. గడి మొత్తానికి ఇదే సరిపోతుంది. రాసిన చోట ఊపిరి వదిలితే అద్దం మీద పట్టే ఆవిరిలా సన్నగా కనపడాలి, వెన్న రాసినట్టు ఉండకూడదు. ఈ గదిలో ఈ మైనం ఆరడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆలోపు నేను చెప్పాల్సింది చెప్పేస్తాను.

అసలు నలుపుతోనే ఎందుకింత ఇబ్బంది? నల్ల పెయింటు మెత్తన, అందుకే గీతలు ఎక్కువ పడతాయి అని చాలామంది అంటారు. పైపొర గట్టిదా మెత్తనిదా అన్నది కంపెనీని బట్టి మారుతుంది, నిజమే. కానీ మామూలుగా అదే కంపెనీ తెల్ల కారు మీద కూడా అదే క్లియర్ కోట్, అంటే రంగు మీద వేసే పారదర్శకమైన పైపొర, ఉంటుంది. దానికీ గీతలు అన్నే పడతాయి, కనపడవంతే. తెల్ల కారు మీద వెలుగు పడితే లోపలున్న తెల్లరంగు అందులో నూటికి డెబ్బై, ఎనభై వంతులు అన్ని వైపులకీ చిమ్మేస్తుంది. ఆ వెలుగులో గీత చిమ్మే సన్న మెరుపు ఎక్కడో కలిసిపోతుంది, పట్టపగలు దీపం పెట్టినట్టు. నల్ల కారులో లోపలి రంగు వచ్చిన వెలుగంతా మింగేస్తుంది. మన కంటికి తిరిగొచ్చేది క్లియర్ కోట్ ముఖం మీద అద్దంలా తగిలి వెనక్కి వచ్చే వెలుగు ఒక్కటే. నిటారుగా పడిన వెలుగులో అది నూటికి సుమారు 4 వంతులు. ఆకాశం కనపడాలన్నా, చెట్టు కొమ్మ కనపడాలన్నా, మీ ముఖం కనపడాలన్నా ఆ 4 వంతులతోనే. గీత ఉన్నచోట అందులోంచి కొంత పక్కదారి పడుతుంది. సూర్యుడి చుట్టూ సాలెగూడు అల్లినట్టు కనపడేది అదే.

మైనం ఎంత పూసినా ఆ 4 కాస్తా 5 అవదు. మైనం వెలుగును పెంచదు. పక్కదారి పట్టే వెలుగును తగ్గించడమే ఈ పనంతా. నల్ల కారు మీద మనం చేసేది మెరుపు కలపడం కాదు, మెరుపుకి అడ్డం వచ్చేవాటిని తొలగించడం. ఈ ముక్క నాకు ముందే తెలిసి ఉంటే మొదటి అయిదేళ్లలో కొన్న డబ్బాల్లో సగం కొనేవాణ్ణి కాదు.

దీన్ని మనకు తెలిసిన రాళ్లతో చెబుతాను. గుళ్లో నల్లరాతి విగ్రహాన్ని అభిషేకానికి ముందు చూస్తే బూడిదరంగులో, పొడిగా ఉంటుంది. నూనె పట్టించగానే నిగనిగలాడుతూ కారునలుపు తేలుతుంది. రాయి మారలేదు. రాతి ముఖం మీదున్న సన్నటి గరుకులో నూనె నిండింది. నూనె నిండిన చోట వెలుగు చెదరకుండా లోపలికి పోతోంది. నాలుగు రోజులు పోతే మళ్లీ బూడిదరంగే. ఇప్పుడు హనుమకొండ వెళ్లి 1163 నాటి వేయి స్తంభాల గుడిలో ఆ నల్ల స్తంభాలు చూడండి. ఎనిమిది వందల ఏళ్లు దాటాయి. ఎవరూ నూనె పూయకపోయినా ముందు నిలబడితే మనిషి నీడ ఆడుతుంది. అక్కడ గరుకుని నింపలేదు, రాతినే నునుపు తీశారు. మన పనిలో ఉన్నవి ఈ రెండే. గ్లేజ్ విగ్రహానికి నూనె పట్టించడం లాంటిది, పాలిష్ స్తంభాన్ని చెక్కి నునుపు తీయడం లాంటిది. రెండూ మంచివే. కష్టమంతా గ్లేజ్‌ని పాలిష్‌గా చెప్పినప్పుడే వస్తుంది.

నేనూ అలా చెప్పినవాణ్ణే. పదేళ్ల కిందట ఒక పెద్దాయన కొడుకు పెళ్లికని నల్ల కారు తెచ్చారు. చేతిలో రెండు రోజులే ఉన్నాయి. కారు నిండా గీతలు. మిషన్ పెట్టే టైం లేదని నాలుగు గంటల్లో కారంతా గ్లేజ్ రాసి, పైన మైనం వేసి ఇచ్చాను. నేరేడు పండులా ఉంది. ‘గీతలన్నీ తీసేశాను సార్’ అన్నాను. పెళ్లి బాగా జరిగింది, ఫొటోల్లో కారు అద్భుతంగా వచ్చింది. మూడు వారాలకి ఆయన మళ్లీ వచ్చారు. మధ్యలో రెండు సార్లు వాటర్ వాష్ అయింది. కోప్పడలేదు. ఫోన్‌లో టార్చ్ వేసి బానెట్ మీద పట్టుకుని, ‘బాబూ, తీసేశానన్నావు కదా’ అని మాత్రం అన్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ కారుని మూడు రోజులు పెట్టుకుని, డబ్బు తీసుకోకుండా మళ్లీ మొదటి నుంచీ చేశాను. అప్పటి నుంచి మా షాపులో రెండు మాటలు వేరుగా వాడతాం. బిల్లు మీద ‘తీశాం’ అని రాస్తే పాలిష్, ‘దాచాం’ అని రాస్తే గ్లేజ్. కొందరు దాచమనే అడుగుతారు, ధర తక్కువ కాబట్టి. అది వాళ్ల ఇష్టం. తెలిసి అడిగితే అందులో మోసం లేదు.

గీతలు ఎక్కడి నుంచి వస్తాయి? రోడ్డు మీద కన్నా మన పార్కింగ్‌లోనే ఎక్కువ. అపార్ట్‌మెంట్‌లో పొద్దున్నే ఒకాయన ఒక బకెట్టు, ఒక గుడ్డతో పది కార్లు తుడుస్తాడు. మొదటి కారు మీది మట్టి ఆరో కారు మీద రాస్తుంది. మన దుమ్ములో పలుగురాయి రేణువులుంటాయి. అవి క్లియర్ కోట్ కన్నా చాలా గట్టివి. పొడి గుడ్డతో తుడవడం అంటే గరుకు కాగితంతో రుద్దడమే. ఆ మనిషిని నేను తప్పు పట్టను. నెలకి మనం ఆయనకిచ్చే డబ్బుతో కారుకొక గుడ్డ మార్చమని ఎలా అడుగుతాం? మర్యాదగా చెప్పండి: ‘అన్నా, నా కారు అద్దాలు మాత్రం తుడువు, బాడీ ముట్టుకోకు. డబ్బులు అంతే ఇస్తాను.’ నల్ల కారుకి మీరు చేయగలిగిన మొదటి సేవ ఇదే, దీనికి డబ్బా కొననక్కర్లేదు.

కడగడం గురించి క్లుప్తంగా చెప్పేస్తాను, మీలో చాలామందికి తెలుసు. ముందు నీళ్లు కొట్టి మట్టి జార్చాలి. రెండు బకెట్లు పెట్టుకోవాలి, షాంపూ నీళ్లకొకటి, చేతికి తొడుక్కుని కడిగే మిట్ జాడించడానికొకటి. పైనుంచి కిందికి, నిలువుగా, నొక్కకుండా తుడవాలి. గుండ్రంగా తిప్పొద్దు. బోరు నీళ్లయితే కారు మీద ఆరనివ్వొద్దు. ఆ సున్నపు మచ్చలు ఎండకి కాలి క్లియర్ కోట్‌లో దిగిపోతాయి. అప్పుడే పడిన మచ్చ అయితే తెల్ల వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి అద్ది, తర్వాత మంచి నీళ్లతో కడిగితే పోతుంది. దిగిపోయిన మచ్చకి మిషనే గతి.

కడిగాక చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని బానెట్ మీద మెల్లగా జరపండి. ఉత్త చేతికి తెలియని గరుకు కవరు మీదుగా ఇట్టే తెలుస్తుంది. అది ఇనుప రజను, చెట్టు బంక, తారు. ఐరన్ రిమూవర్ కొడితే ఇనుము ఉన్నచోట ఊదారంగు నీళ్లు కారతాయి. మిగిలింది క్లే బార్‌తో, అంటే మురికిని అంటించుకుని లాగే మెత్తటి బంకముద్దతో, జారుడు నీళ్లు ధారాళంగా కొడుతూ తీయాలి. క్లే కింద పడితే మళ్లీ వాడొద్దు. ఎంత ఖరీదైనదైనా పారేయండి. కింద పడిన క్లేలో దిగిన ఒక్క ఇసుక రేణువు నల్ల డోర్ మీద ఈ చివర నుంచి ఆ చివరకి గీత లాగుతుంది.

ఇప్పుడు పాలిష్. ఫ్యాక్టరీ పెయింటు మందం మొత్తం కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది, మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. అందులో పైనున్న క్లియర్ కోట్ 40, 50. మన తల వెంట్రుక మందం సుమారు 70. అంటే వెంట్రుక కన్నా పల్చటి పొర మీద మనం మిషన్ పెడుతున్నాం. ఎండ నుంచి రంగుని కాపాడేది కూడా ఆ పొరే. దాన్ని అరగదీసిన ప్రతిసారీ కారు ఆయుష్షులోంచి కొంత ఖర్చు పెట్టినట్టే. అందుకే మీటర్ పెట్టి మందం చూడకుండా నేను మిషన్ ఆన్ చేయను. అంచుల దగ్గర, బాడీ మడత తిరిగే గీతల మీద పొర ఇంకా పల్చన. అక్కడ టేపు వేసుకోండి. లోతు గీత ఒకటుంటే దాని అడుగు దాకా వెళ్లాలని పట్టుపట్టొద్దు. గీత అంచులు గుండ్రమైతే చాలు, కంటికి సగం మాయమవుతుంది. మిగతా సగాన్ని గ్లేజ్ చూసుకుంటుంది. గ్లేజ్‌కి అసలైన చోటు అదే.

నేర్చుకునేవాళ్లు ఒకచోటే గిర్రున తిరిగే రోటరీ మిషన్ జోలికి పోకండి, తిరుగుతూనే పక్కలకీ ఊగే డ్యూయల్ యాక్షన్ మిషన్‌తో మొదలుపెట్టండి. రోటరీ వేగంగా కోస్తుంది, నిజమే. కానీ చెయ్యి తిరగనివాళ్ల చేతిలో నల్లరంగు మీద హోలోగ్రామ్‌లు వదులుతుంది. ఎండలో కారు పక్క నుంచి నడుస్తుంటే మనతో పాటు కదిలే చారలుంటాయే, అవి. అడుగున్నర, రెండడుగుల చదరం తీసుకుని ముందు ఒక్కచోట చేసి చూడండి. కోత ప్యాడ్, కాంపౌండ్ అనే గరుకు పాలిష్‌తో మొదలుపెట్టకుండా అన్నిటికన్నా మెత్తటి జోడీతో మొదలుపెట్టండి. దానితో పని జరిగితే అక్కడే ఆగిపోండి. చివర్లో చాలా సన్నటి పాలిష్, మెత్తటి ఫోమ్ ప్యాడ్, తక్కువ వేగం, తక్కువ బరువు. ఈ ఆఖరి రౌండుని చాలామంది వదిలేస్తారు. వెండి కారుకి వదిలేసినా పెద్దగా తేడా తెలియదు. నలుపుకి మాత్రం ప్రాణం ఇక్కడే ఉంది. కోతలో మిగిలిన పొగలాంటి సన్నటి మసక ఈ రౌండుతోనే పోతుంది, అప్పుడే నలుపు చిక్కబడుతుంది.

తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నీళ్లు కలిపి మెత్తగా తుడవండి. పాలిష్‌లో కూడా నూనెలుంటాయి, అవి కూడా గీతల్ని దాస్తాయి. మీరు నిజంగా తీశారా, పాలిష్ నూనె దాచిందా అన్నది ఈ తుడుపుతోనే తేలుతుంది. మూడో గడి ఇలా తుడిచిందే. అందులో ఇప్పుడు ఏ నూనే లేదు.

ఇక గ్లేజ్. దీని గురించి కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువ అపార్థం ఉన్నది దీని చుట్టూనే. గ్లేజ్‌లో ప్రధానంగా నూనెలుంటాయి, కొన్నిట్లో తెల్ల బంకమట్టి లాంటి మెత్తటి పూరకం ఉంటుంది. గీత లోపల గాలి ఉన్నప్పుడు వెలుగు దాని గోడకి తగిలి చెదురుతుంది. గాలి స్థానంలో నూనె చేరితే, నూనె వెలుగుని వంచే తీరు క్లియర్ కోట్ తీరుకి దగ్గరగా ఉంటుంది కాబట్టి, వెలుగుకి అక్కడ గోడ ఉన్నట్టే తెలియదు. తడిసిన బండ నల్లబడడం, నూనె పట్టించిన విగ్రహం నిగారించడం, ఇది, అన్నీ ఒకటే. దీన్నే మనవాళ్లు వెట్ లుక్ అంటారు.

గ్లేజ్ పుట్టింది ఇప్పటి పెయింట్ల కోసం కాదు. పాత అంబాసిడర్లు, పద్మినీలు గుర్తున్నవాళ్లుంటే, వాటి మామూలు రంగుల మీద వేరే క్లియర్ కోట్ ఉండేది కాదు. పాలిష్ చేస్తే గుడ్డకి కారు రంగే అంటుకునేది. ఎండకి ఆ పెయింటు ఎండిపోయి సుద్దలా మారేది. నూనెలున్న గ్లేజ్ పట్టిస్తే పీల్చుకుని మళ్లీ లోతు తేలేది. 1901లో అమెరికాలో ఫర్నిచర్ పాలిష్‌తో మొదలైన మెగ్వైర్స్ కంపెనీ వాళ్ల నంబర్ 7 షో కార్ గ్లేజ్ అలాంటి పాత పెయింటు మీదే పేరు తెచ్చుకుంది. మీలో ఎవరింట్లోనైనా పాత నల్ల అంబాసిడర్ ఉంటే, దాని మీద మిషన్ పెట్టకముందు ఒక రాత్రంతా అలాంటి నూనె గ్లేజ్ పట్టించి వదలండి. పొద్దున్న తుడిచి చూస్తే మిషన్ అవసరం ఎంతో తెలుస్తుంది.

గ్లేజ్ రాయడం తేలిక. మెత్తటి ఫోమ్‌తో పల్చగా రాసి, ఆ కంపెనీ చెప్పినంత సేపు ఆగి, శుభ్రమైన మైక్రోఫైబర్‌తో నొక్కకుండా తుడవాలి. ఇది కాపాడేది ఏమీ లేదు. వానకి, షాంపూకి నిలవదు. రెండు మూడు వాష్‌లకి జారిపోతుంది. దాన్ని కాసేపైనా పట్టి ఉంచడానికే పైన మైనం.

మైనం అనగానే కార్నాబా. దీని కథ నాకు చాలా ఇష్టం. ఈశాన్య బ్రెజిల్‌లో, సియారా, పియావుయీ రాష్ట్రాల్లో, మన తాటిచెట్టుకి చుట్టమైన ఒక చెట్టు పెరుగుతుంది. ఆకు కూడా విసనకర్రలాగే ఉంటుంది. అక్కడ నెలల తరబడి వాన ఉండదు. ఆకులో తడి ఆరిపోకుండా చెట్టు తన ఆకుకి తానే మైనం పూసుకుంటుంది. ఆకులు కోసి, ఎండబెట్టి, దులిపితే ఆ మైనం పొడిగా రాలుతుంది. దాన్ని కరిగించి వడగడతారు. మొక్కల మైనాల్లో ఇంత గట్టిది, ఇంత వేడికి ఆగేది అరుదు. 82 నుంచి 86 డిగ్రీల దగ్గర గానీ కరగదు. మందు బిళ్లల మీద, చాక్లెట్ల మీద నిగనిగ చాలాసార్లు దీనిదే. పెరేడ్‌లో పోలీసుల బూట్లలో ముఖం కనపడుతుంది చూడండి, చాలా బూటు పాలిష్‌లలో ఉండేది కూడా ఇదే.

అయితే ఉత్త కార్నాబా ఇటుకముక్కలా గట్టిగా, పెళుసుగా ఉంటుంది. కారుకి రుద్దితే గీతలు పడతాయి. అందుకని దాన్ని నూనెల్లో, ద్రావకాల్లో కలిపి, తేనెమైనం లాంటి మెత్తటి మైనాలు చేర్చి పేస్ట్ చేస్తారు. డబ్బా మీద 100 శాతం కార్నాబా అని రాసి ఉంటే, అందులో వాడిన కార్నాబా స్వచ్ఛమైనదని అర్థం చేసుకోండి. డబ్బా నిండా అదే ఉందని కాదు, ఉంటే వేలు కూడా దిగదు.

మైనం మీద మైనం ఎలా నిలుస్తుందన్నదే ఇవాళ్టి అసలు విషయం. కొత్త కోటులోని ద్రావకం కింద కోటుని కొంచెం కరిగిస్తుంది. కింది కోటు పూర్తిగా గట్టిపడకముందే రెండోది రాస్తే పొర పెరగదు, ఉన్నది తుడిచి మళ్లీ రాసినట్టే అవుతుంది. అందుకే కోటుకీ కోటుకీ మధ్య కనీసం ఒక రాత్రి ఇవ్వండి. విశాఖలోనో కాకినాడలోనో ఉంటే, గాలిలో తేమకి ఇంకొంచెం ఎక్కువ ఇవ్వండి. కొన్నిసార్లు తుడిచేసిన గంటకి మైనం నూనె మళ్లీ పైకి చెమటలా వస్తుంది. కంగారు పడొద్దు, మందంగా రాశారని దానర్థం. కొత్త గుడ్డతో ఇంకోసారి తుడవండి.

ఇంకొక హెచ్చరిక. క్లీనర్ వ్యాక్స్ అని ఉన్న డబ్బాతో రెండో కోటు వేయొద్దు. అందులో మురికిని కోసే పదార్థం ఉంటుంది. అది గ్లేజ్‌నీ, మొదటి కోటునీ కలిపి ఊడ్చేస్తుంది. కుర్రాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇది. మూడు పొరలు వేశామని అనుకుంటారు, కారు మీద ఉండేది ఒక్కటే.

సీలెంట్ సంగతి అడుగుతారని తెలుసు. సీలెంట్ అంటే ఫ్యాక్టరీలో తయారైన పాలిమర్. మైనం కన్నా ఎక్కువ నెలలు ఉంటుంది, మెరుపు కొంచెం గాజులా, చల్లగా ఉంటుంది. అది ఉత్త క్లియర్ కోట్‌ని పట్టుకోవాలి. మధ్యలో గ్లేజ్ నూనె ఉంటే పట్టు దొరకదు. కాబట్టి రోజూ తిరిగే కారైతే పాలిష్, ఆల్కహాల్ తుడుపు, సీలెంట్, దాన్ని ఒక రోజు వదిలి పైన మైనం. ఈ దారిలో నూనె గ్లేజ్‌కి చోటు లేదు. ప్రదర్శనకో పెళ్లికో అయితే పాలిష్, గ్లేజ్, మైనం. రెండు దారులూ కలపాలని చూస్తే రెండూ చెడతాయి. సీలెంట్‌కి పనికొచ్చే గ్లేజ్‌లు కొన్ని కంపెనీలు చేస్తాయి. అలాంటివి వాడితే ఆ కంపెనీ సీలెంటే వాడండి.

(సభలో ఒక యువకుడు: ‘అన్నా, అయిదారు కోట్లు వేస్తే లోతు ఇంకా పెరుగుతుంది అంటారు, నిజమేనా?’)

మంచి ప్రశ్న. తుడిచాక మిగిలే మైనం పొర మందం ఒక మైక్రాన్ కూడా ఉండదు తమ్ముడూ. రెండో కోటు ఎందుకంటే, మొదటిసారి చెయ్యి తగలని చోట్లు ఉంటాయి, అవి పూడ్చడానికి. రెండో కోటుకి తేడా నాకు కనపడుతుంది, మూడో కోటుకి కనపడలేదు. ఒకే బానెట్‌ని సగం రెండు కోట్లు, సగం అయిదు కోట్లు చేసి మా షాపులో అందరికీ చూపించాను. ఏది ఏదో ఒక్కరూ చెప్పలేకపోయారు. ఆ మూడు రాత్రుల కష్టం పాలిష్‌లో పెట్టు, కారు నీకు మంచి పేరు తెస్తుంది.

(ఒక మహిళ: ‘మా కారుకి సెరామిక్ కోటింగ్ ఉంది. గ్లేజ్ వేయించుకోవచ్చా?’)

వద్దమ్మా, డబ్బు దండగ. అది గాజులా గట్టిపడే పూత, దాని మీద నూనె నిలవదు. గీతలు కోటింగ్ మీద ఉంటే ఆ కోటింగ్‌నే సన్నగా పాలిష్ చేసి మళ్లీ వేయాలి. శుభ్రంగా కడుక్కుంటూ ఉండండి, చాలు.

(వెనక నుంచి ఒక పెద్దాయన: ‘బంపర్, డోర్ కొత్తగా పెయింటు వేయించాను. మైనం ఎప్పుడు పెట్టొచ్చు?’)

డెంటింగ్ పెయింటింగ్ షాపు నుంచి వచ్చిన కొత్త పెయింటులో ఇంకా ద్రావకాలుంటాయి సార్, అవి బయటికి పోవాలి. 30 నుంచి 60 రోజులు మైనం గానీ సీలెంట్ గానీ పెట్టకండి. మీ పెయింటరుని అడిగితే ఆ పెయింటుకి ఎన్ని రోజులో చెబుతారు. ఈలోపు మెరుపు కావాలంటే కొత్త పెయింటు మీద వాడొచ్చని డబ్బా మీద రాసి ఉన్న గ్లేజ్ వాడుకోవచ్చు.

ప్రదర్శనకి తీసుకెళ్లేవాళ్లకి నాలుగు మాటలు. పనంతా నీడలో, లోహం చల్లగా ఉన్నప్పుడు చేయండి. మన మే నెల మధ్యాహ్నం నల్ల బానెట్ మీద చెయ్యి ఆనించలేం. అంత వేడి మీద మైనం రాస్తే రాసింది రాసినట్టే పట్టేసి, తుడవడానికి గుంజాల్సి వస్తుంది. నేను తెల్లవారుజామున అయిదింటికి మొదలుపెట్టి ఎండ ఎక్కేలోపు ఆపేస్తాను. ముందురోజు రాత్రి ఒక పాత కిటుకు ఉంది. రెండో కోటు తుడిచాక, ఫ్రిజ్‌లో చల్లబరిచిన నీళ్లు మంచులా సన్నగా కొట్టి, కొత్త మైక్రోఫైబర్‌తో అద్దినట్టు తుడవండి. బూట్లకి నీటి చుక్కతో ఆఖరి మెరుగు పెట్టినట్టే. మైనం ముఖం బిగిసి చదునవుతుంది. లోగో అక్షరాల సందుల్లో, డోర్ అంచుల్లో, నల్ల రబ్బరు మీద ఎండిన మైనం తెల్లగా మిగిలిపోతుంది. మెత్తటి బ్రష్ పెట్టి తీయండి. నల్ల కారు మీద ఒక్క తెల్ల చుక్క చాలు, చూసేవాళ్ల కన్ను మిగతాది వదిలేసి దాని మీదే ఉంటుంది. ప్రదర్శన రోజు దుమ్ము వాలితే పొడి గుడ్డ తీయకండి. క్విక్ డీటెయిలర్ అనే జారుడు స్ప్రే తడిగా కొట్టి, ఒక వైపుగా లాగి, గుడ్డ మడత మార్చండి. మన ఎండలకి ఈ మైనం నెల, నెలన్నర ఉంటుంది. కింద గ్లేజ్ అంతకన్నా ముందే పోతుంది.

ఇరవై నిమిషాలైంది. నాలుగో గడిలో వేలితో ఒకసారి గీసి చూస్తున్నాను. చూడండి, వేలు పోయిన చోట శుభ్రంగా తేలింది, మసక జిడ్డు లేదు. ఆరిందన్నమాట. ఇందాక ప్రశ్న అడిగిన తమ్ముడూ, నువ్వు రా. గుడ్డ నాలుగు మడతలు పెట్టు. చేతి బరువు వేయకు, గుడ్డ తన బరువుతోనే జరగాలి. అంతే. ఇంకోసారి, మడత మార్చి. చాలు.

ఇప్పుడు కిటికీల దగ్గరున్నవాళ్లు తెరలు వేయండి. పైన లైట్లు కూడా ఆర్పండి. టార్చ్ మొదటి గడి మీద పెడుతున్నాను, సాలెగూడు చూశారా. రెండో గడి చూడండి, ఏమీ లేనట్టే ఉంది, నాలుగో గడితో పోటీ పడుతోంది. ఈ రెండో గడిలో సగం మీద ఆల్కహాల్ కొట్టి తుడుస్తున్నాను. ఒకటి, రెండు, మూడు సార్లు. టార్చ్ మళ్లీ పెడుతున్నాను. పెళ్లి కారు నాకు మూడు వారాలకి చూపించింది ఇదే.

మూడో గడికి, నాలుగో గడికి తేడా ఎంతో నేను చెప్పను. ఒక్కొక్కరూ లేచి దగ్గరికి వచ్చి, ముందు ఎదురుగా, తర్వాత పక్క నుంచి వంగి చూడండి. బెల్టు బకిల్, గాజులు, చేతి ఉంగరం బానెట్‌కి తగలకుండా చూసుకోండి. మొదట వెనక వరస వాళ్లు రండి.